పాఠకుల ప్రశ్నలు - జవాబులు: సముద్రాన్ని కొలిచే ఓడలు

ఈ సంచికకు సముద్ర పరిశోధన ఓడల మీద వచ్చిన ప్రశ్నల్లో ఏడింటికి జవాబులిస్తున్నాం. నీటి నమూనాల ప్రశ్నకు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వరుసగా చెప్పాం. అక్కడ జరిగే పొరపాటు చాలాసార్లు ఓడ రేవుకు తిరిగొచ్చాకగానీ బయటపడదు.

ప్ర: మాది షిప్‌యార్డ్ ఉన్న ఊరు. ఒక సరుకు ఓడను కొని పరికరాలు బిగిస్తే పరిశోధన ఓడ అయిపోదా? ప్రత్యేకంగా కట్టించడం దేనికి? - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: అలా చేసిన సందర్భం మన దేశంలోనే ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ చేతికి 1976లో వచ్చిన ‘గవేషణి’ అసలు పూడిక మట్టి మోసే బార్జీ. దాన్నే పరిశోధనకు అనువుగా మార్చారు. 1981 జనవరి 26న హిందూ మహాసముద్రం అడుగు నుంచి బహులోహ గుండ్లను మన దేశం తరఫున మొదటిసారి పైకి తెచ్చింది ఆ ఓడే. అంతకుముందు 1952 ప్రాంతంలో మీ ఊళ్ళోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, అమెరికా నుంచి వచ్చిన ఆచార్యుడు లఫాండ్ నేతృత్వంలో నౌకాదళం ఓడల మీద తూర్పు తీరాన్ని కొలిచారు. కాబట్టి మార్చుకున్న ఓడతో పని జరగదని మేం అనం. దానితో అడుగడుగునా సర్దుకుపోవాల్సి వస్తుందంతే.

సరుకు ఓడను ఒకే వేగంతో, ఒకే దిక్కుగా, రోజుల తరబడి పోవడానికి కడతారు. పరిశోధన ఓడ ఉదయం 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) వేగంతో పరుగెత్తాలి, మధ్యాహ్నం నాలుగు గంటలు ఒకే చోట నిలబడాలి, రాత్రి 2 నాట్లతో వల లాగాలి. ప్రొపెల్లర్‌కు నేరుగా బిగించిన పెద్ద డీజిల్ ఇంజను ఇంత నెమ్మదికి లొంగదు. అందుకే కొత్త ఓడల్లో డీజిల్ ఇంజన్లు కరెంటు మాత్రమే తయారు చేస్తాయి, ప్రొపెల్లర్‌ను మోటారు తిప్పుతుంది.

రెండోది డెక్కు. సరుకు ఓడ డెక్కు నీటికి చాలా ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి అర టన్ను బరువున్న పరికరాన్ని తాడుకు వేలాడదీస్తే ఓడ ఊగినప్పుడల్లా అది ఊయలలా వెళ్ళి పక్క రేకుకు కొట్టుకుంటుంది. పరిశోధన ఓడకు వెనుక డెక్కు, అంటే అమరం వైపు, నీటికి దగ్గరగా ఉంటుంది. దాని చివర ఏ-ఫ్రేమ్ అనే పెద్ద ఇనుప గుమ్మం నిలబడి ఉంటుంది. బరువును లోపల ఎత్తి, గుమ్మాన్ని బయటికి వంచి, నీళ్ళలోకి దించుతారు.

మూడోది వించి, అంటే తీగను దించి పైకి లాగే యంత్రం. ఆరేడు వేల మీటర్ల తీగను డ్రమ్ము మీద వదులుగా చుట్టి, తర్వాత బరువు పెట్టి లాగితే పై చుట్టు కింది చుట్ల మధ్యలోకి దిగబడి తీగను నలిపేస్తుంది. అందుకని బరువు లాగే చక్రాలు వేరుగా, తీగను చుట్టి ఉంచే డ్రమ్ము వేరుగా పెడతారు. ఆ రెంటికీ, వాటి కింద బలమైన పునాదికి చోటు కావాలి. కట్టిన ఓడలో ఆ చోటును తర్వాత సంపాదించడం చాలా కష్టం.

మన పెద్ద ఓడల్లో ‘సాగర్ కన్య’ జర్మనీలో (1983, సుమారు 100 మీటర్లు), ‘సాగర్ నిధి’ ఇటలీలో (104 మీటర్లు) తయారయ్యాయి. సముద్రంలో తేలే బోయాలను నాటే ‘సాగర్ మంజూష’ మాత్రం మీ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టింది.

ప్ర: మూడు వేల మీటర్ల లోతు నుంచి నీళ్ళు పైకి తెచ్చేలోపు దారిలో ఉన్న నీటితో కలిసిపోవా? - డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జ: కలవకుండా ఉండేందుకే సీసా రెండు మూతలూ తెరుచుకుని కిందికి వెళుతుంది. నిస్కిన్ సీసా అంటే రెండు చివరలా మూతలున్న ప్లాస్టిక్ గొట్టం. దిగుతున్నంతసేపూ నీరు దాని గుండా పారుతూనే ఉంటుంది. కావలసిన లోతులో ఉండగా ఓడలోంచి మీట నొక్కితే కొక్కెం ఊడి, సాగి ఉన్న రబ్బరో స్ప్రింగో రెండు మూతల్నీ ఒకేసారి మూసేస్తుంది. ఇలాంటివి 12 లేదా 24, ఒక్కొక్కటి పది లీటర్లు పట్టేవి, గుండ్రటి చట్రం చుట్టూ నిలబెట్టి ఉంటాయి. దీన్ని రోజెట్ అంటారు. చట్రం అడుగున సీటీడీ ఉంటుంది. అది వాహకత, ఉష్ణోగ్రత, పీడనం కొలుస్తుంది. వాహకతకు మిగతా రెండూ కలిపి ఉప్పదనం లెక్కగడతారు.

దించే ముందు ప్రతి సీసాకూ చూడాల్సినవి మూడు: మూతలు రెండూ కొక్కేనికి సరిగా తగిలి ఉన్నాయా, పైన గాలిమర (గాలి లోపలికి రానిచ్చే చిన్న మర) బిగించి ఉందా, కింద కుళాయి మూసి ఉందా. మనుషుల వల్ల జరిగే తప్పుల్లో ఎక్కువగా కనబడేది గాలిమర వదిలేయడం. అలాంటి సీసా పైకి వస్తూ దారిలో కారుతుంది, కారిన మేరకు పై నీటిని పీల్చుకుంటుంది. మీరు భయపడిన కలయిక సరిగ్గా అక్కడే జరుగుతుంది.

రోజెట్‌ను ముందు 10 మీటర్ల లోతుకు దించి రెండు మూడు నిమిషాలు ఆపుతారు. సెన్సర్ల గొట్టాల్లో చిక్కిన గాలి బయటికి పోవాలి, పంపు మొదలవ్వాలి, ఎండలో వేడెక్కిన పరికరం చల్లబడాలి. తర్వాత పైకి తెచ్చి, ఆగకుండా దించడం మొదలుపెడతారు. మొదటి వంద మీటర్లు సెకనుకు అర మీటరు, ఆ తర్వాత ఒక మీటరు. అంతకన్నా వేగంగా దించితే, పెద్ద కెరటానికి ఓడ కిందికి జారినప్పుడు తీగ రోజెట్ కన్నా ముందుకు పోయి సడలుతుంది. మరుక్షణం ఓడ లేస్తుంది, సడలిన తీగ మెలిపడి ముడి బిగుస్తుంది. లోపలి రాగి తీగ తెగితే సమాచారం ఆగిపోతుంది. ముడి దగ్గర ఉక్కు తీగే తెగితే రోజెట్ మొత్తం సముద్రం పాలు. ముడిపడిన తీగను సాగదీసి మళ్ళీ వాడకూడదు. అంతవరకు కోసి, చివర కొత్తగా కట్టి, బరువు వేలాడదీసి పరీక్షించాలి. దీనికి సగం రోజు పోయినా సరే, వేరే దారి లేదు.

అడుగు నుంచి సుమారు పది మీటర్ల పైన ఆపుతారు. ఆ దూరం చెప్పడానికి చట్రానికే చిన్న ధ్వని పరికరం ఉంటుంది. ఉష్ణోగ్రత, ఉప్పదనాల గీత దిగేటప్పుడు వచ్చిందే తీసుకుంటారు. అప్పుడు కింద ఉన్న సెన్సర్లు ఎవరూ కదపని నీటిని ముందుగా తాకుతాయి. పైకి వచ్చేటప్పుడు చట్రం తన వెనుక నీటిని కలియబెట్టి లాక్కొస్తుంది, సెన్సర్లు ఆ కలకలో ఉంటాయి. సీసాలను మాత్రం పైకి వచ్చేటప్పుడే మూస్తారు. కావలసిన లోతులో రోజెట్‌ను ఆపి, అరనిమిషం నుంచి నిమిషం దాకా ఆగి, లాక్కొచ్చిన నీరు కొట్టుకుపోయాక మీట నొక్కాలి. ఆపీ ఆపగానే నొక్కితే సీసాలో ఉండేది కింది లోతు నీరు. మూడు వేల మీటర్లకు దిగడానికే యాభై నిమిషాలు, రానూపోనూ ఆగిన సమయంతో కలిపి రెండు గంటల పైమాటే.

డెక్కు మీదికి వచ్చాక తొందర పడాల్సింది రసాయన శాస్త్రం వాళ్ళు. ముందు గాలిమర విప్పకుండానే కింద కుళాయి తెరిచి చూస్తారు. నీరు కారకపోతే సీసా బాగున్నట్టు. ధార ఆగకుండా కారితే ఎక్కడో లీకుంది, లాగుపుస్తకంలో (పని వివరాలు నమోదు చేసే పుస్తకం) ఆ నంబరు ఎదురుగా రాసుకోవాలి. ఇక్కడో వరుస ఉంది: గాలిలో కలిసిపోయే వాయువులు ముందు, ఆక్సిజన్ తర్వాత, కార్బన్ డయాక్సైడుకు సంబంధించినవి ఆ పైన, నైట్రేటు, ఫాస్ఫేటు లాంటి పోషకాలు తర్వాత, చివరికి ఉప్పదనం. గాలిమర విప్పిన క్షణం నుంచి సీసాలో నీరు తగ్గిన చోటికి గాలి చేరుతుంది. వాయువులు దానితో మారిపోతాయి, ఉప్పు మారదు. అందుకే ఉప్పుది ఆఖరి వంతు.

ఆక్సిజన్‌కు సన్నని గొట్టాన్ని గాజు సీసా అడుగుదాకా దించి, బుడగ లేకుండా నింపి, సీసాకు మూడింతల నీరు పొర్లిపోనివ్వాలి. తర్వాత మాంగనీస్ క్లోరైడు ఒక మిల్లీలీటరు, క్షారం కలిసిన అయొడైడు ఒక మిల్లీలీటరు, రెండూ నీటిమట్టం కింద విడవాలి. మూత పెట్టి బాగా కుదిపితే గోధుమరంగు మడ్డి కడుతుంది. బంగాళాఖాతంలో రెండు మూడు వందల మీటర్ల లోతు నీటికి అదే మడ్డి తెల్లగా పాలిపోయి వస్తుంది. అక్కడ ఆక్సిజన్ దాదాపు లేదని లెక్క కట్టకముందే కంటికి తెలుస్తుంది. ఆ సీసాలో ఒక్క గాలి బుడగ మిగిలినా లేని ఆక్సిజన్ ఉన్నట్టు తేలుతుంది. మడ్డిని ఆమ్లంతో కరిగించి, గంజి ద్రావణం వేసి, నీలిరంగు పోయేదాకా థయోసల్ఫేటు బొట్టుబొట్టుగా వదిలి లెక్క తేలుస్తారు.

ఉప్పదనం సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, మూతి తుడిచి బిగించాలి. మూతి అంచున ఎండిన ఉప్పు తర్వాత లోపల రాలితే చాలు, మూడో దశాంశ స్థానం దాకా నమ్మాల్సిన సంఖ్య పనికిరాదు.

ప్ర: మా మరబోటులో ఫిష్ ఫైండర్ ఉంది. నిలిపినప్పుడు అడుగు బాగా కనబడుతుంది, వేగం పెంచితే తెర నిండా చుక్కలు. నూట యాభై బారలు దాటితే అడుగే దొరకదు. పెద్ద ఓడల్లో ఎలా చూస్తారు? - మత్స్యకారుడు, నిజాంపట్నం

జ: రెండు వేరు వేరు ఇబ్బందులు అడిగారు. చుక్కలు బుడగల వల్ల. ధ్వని గాలి బుడగను దాటలేదు, తగిలి వెనక్కి వస్తుంది. పరికరం ముఖానికి ముందు అడుగు పలకల అంచు, నీటి పైపు మూతి, ఎత్తుగా మేకు తల ఏదున్నా వేగంలో అక్కడ బుడగలు పుట్టి సరిగ్గా పరికరం కింద నుంచి పోతాయి. దాని ముందు దారి నున్నగా ఉండేలా జరపండి. వెనుక చెక్కకు బిగించేదైతే, ప్రొపెల్లర్ రెక్కలు కిందికి దిగే పక్కన పెట్టండి, పైకి లేచే పక్క నురుగు ఎక్కువ. ముఖం మీద అంటిన నత్తలు, నాచు తీసేయండి, కానీ కత్తితో గీకకండి. దాని వైరును ఆల్టర్నేటర్ వైర్లతో కలిపి కట్టినా చుక్కలు వస్తాయి.

లోతు సంగతి వేరు. మీది 200 కిలోహెర్ట్జ్ అయి ఉండవచ్చు. అంత సన్న ధ్వని చేపను చక్కగా చూపిస్తుందిగానీ రెండు మూడు వందల మీటర్లలో నీరే దాన్ని మింగేస్తుంది. 50 కిలోహెర్ట్జ్ కూడా ఉన్న పరికరమైతే ఇంకా లోతు అందుతుంది. లోతైన సముద్రానికి పరిశోధన ఓడలు 12 కిలోహెర్ట్జ్ దగ్గరి లావు ధ్వని వాడతాయి. మూడు వేల మీటర్ల లోతుకు పోయి తిరిగి రావడానికి దానికి నాలుగు సెకన్లు పడుతుంది. మల్టీబీమ్ అనే పరికరం నేరుగా కిందికి మాత్రమే కాక విసనకర్రలా అడ్డంగా వందల కిరణాలు పంపుతుంది. ఒక్కో కిరణం ఒక డిగ్రీ వెడల్పుంటే, మూడు వేల మీటర్ల అడుగున అది యాభై మీటర్ల మచ్చ. ఇంత సన్నని కిరణం రావాలంటే ఓడ అడుగున అమర్చే పలక కొన్ని మీటర్ల పొడవుండాలి.

అంత పెద్ద ఓడకూ మీ బాధే ఉంది. ఎదురు కెరటంలో అణియం, అంటే ఓడ ముందు కొన, లేచి పడినప్పుడల్లా గాలి నీటిలోకి కొట్టుకుపోయి, ఓడ పొట్ట కింద దుప్పటిలా వెనక్కి జారుతుంది. అందుకని పలకను పొట్ట కన్నా కిందికి, వేరే తొట్టిలో వేలాడదీసినట్టు కడతారు. కొన్ని ఓడల్లో పరికరాలున్న నిలువు పలకను రెండు మూడు మీటర్లు కిందికి దించి, రేవుకు వచ్చేటప్పుడు లోపలికి లాక్కుంటారు. అయినా గాలి పెరిగితే వేగం తగ్గించడమో, దిక్కు మార్చడమో తప్పదు.

ఇంకో మాట. వేడినీటిలో ధ్వని వేగం ఎక్కువ, చల్లనీటిలో తక్కువ. ఆ రోజు నీటిపొరల లెక్క ఇవ్వకపోతే పక్క కిరణాల వంపు తప్పి, చదునైన అడుగు పటంలో వంగిన పళ్ళెంలా వస్తుంది. అది చూడగానే సర్వే చేసేవాళ్ళు పని ఆపి కొత్తగా సీటీడీ దించుతారు.

ప్ర: ఓడ వేడి, పొగ, ఇనుము కొలతలను పాడుచేయవా? - అధ్యాపకురాలు, వరంగల్

జ: పాడుచేస్తాయి. మంచి పరిశోధన ఓడ తన వల్ల కలిగే తప్పును ఎంత తగ్గించుకుందన్నదే దాని అసలు విలువ.

ఎండకు కాగిన ఇనుప డెక్కు పక్కన గాలి ఉష్ణోగ్రత కొలిస్తే అది డెక్కు ఉష్ణోగ్రతే. అందుకే వాతావరణ పరికరాలు ఓడ ముందు స్తంభం మీద ఉంటాయి. గాలి వెనుక నుంచి వీచిన గంటల కొలతలను పొగ భయంతో పక్కన పెడతారు. పైనీటి ఉష్ణోగ్రతను కొలిచే పైపు ల్యాబు దాకా వచ్చేసరికి ఇంజను గది వేడికి నీరు కొంచెం వెచ్చబడుతుంది. కాబట్టి ఉష్ణోగ్రతను నీరు లోపలికి వచ్చే చోటే, ఉప్పదనాన్ని ల్యాబులో కొలవాలి. స్టేషన్ (కొలతలు తీసే చోటు) మీద నిలిచినప్పుడు వంటగది నీళ్ళు, మరుగుదొడ్డి నీళ్ళు నమూనా తీసే పక్క వదలకూడదు. ఇది ప్రయాణం మొదటి రోజే వంటవాళ్ళ దాకా అందరికీ చెప్పాల్సిన మాట.

సముద్రంలో కరిగిన ఇనుమును కొలవాలంటే మరీ కష్టం, మన చుట్టూ ఉన్నదంతా అదే. దానికి ఉక్కు తీగ బదులు సింథటిక్ దారం, లోపల టెఫ్లాన్ పూసిన సీసాలు, వడగట్టిన గాలిని లోపలికి నెట్టే కంటైనర్ గది వాడతారు. తుప్పు రేణువు ఒక్కటి పడినా ఆ సీసా పోయినట్టే.

చప్పుడు సంగతి కూడా ఇంతే. చేపల్ని ధ్వనితో లెక్కపెట్టే ఓడ చప్పుడుకు చేపలే పారిపోతే లెక్క తప్పుతుంది. 11 నాట్ల వేగం దగ్గర ఇంతకు మించి చప్పుడు ఉండకూడదని 1995లో అంతర్జాతీయ సముద్ర అన్వేషణ మండలి హద్దు సూచించింది. జనరేటర్లను రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టడం, బుడగలు పుట్టకుండా నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ పెట్టడం అందుకే.

ప్ర: కృష్ణా-గోదావరి తీరం ఎదుట వచ్చి తవ్విన ఓడ లంగరు లేకుండా ఎలా నిలబడింది? దొరికిన మంచుగడ్డ కరగలేదా? - ఒక పాఠకుడు, అమలాపురం

జ: అది ‘జాయిడిస్ రిజల్యూషన్’. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కోసం వచ్చింది. వెయ్యి మీటర్ల నీటిలో అది లంగరు వేసి తవ్వదు. ఆ ఓడకు ప్రధాన ప్రొపెల్లర్లు కాక, ఓడను అటూ ఇటూ నెట్టే 12 థ్రస్టర్లు (చిన్న ప్రొపెల్లర్లు) ఉండేవి. ఉపగ్రహాల నుంచి, అడుగున పెట్టిన ధ్వని సంకేతాల పరికరం నుంచి తన చోటును తెలుసుకుంటూ, కంప్యూటరు వాటిని క్షణక్షణం తిప్పుతుంది. నీటి లోతులో రెండు మూడు శాతం, అంటే వెయ్యి మీటర్లకు ఇరవై ముప్పై మీటర్లు, దాటి జరిగితే కింద గొట్టం ప్రమాదకరంగా వంగుతుంది, తవ్వకం ఆపేస్తారు. లోతు తక్కువైనకొద్దీ ఈ సహనం తగ్గుతుంది. అందువల్ల లోతులేని చోట నిలబడటమే ఎక్కువ కష్టం.

మీరన్న మంచుగడ్డ నీటి అణువుల పంజరంలో చిక్కుకున్న మీథేన్. పీడనం తగ్గగానే విడిపోతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేటు నుంచి 160 ఘనపు మీటర్లకు పైగా వాయువు వస్తుంది. విడిపోతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది కాబట్టి, మట్టి గొట్టం డెక్కు మీదికి రాగానే దాని మీద ఇన్‌ఫ్రారెడ్ కెమెరా నడుపుతారు. చల్లగా కనబడిన చోటును వెంటనే కోసి ద్రవ నైట్రోజన్‌లో వేస్తారు. అసలు విడిపోకుండా ఉండాలంటే సముద్రం అడుగునే మూసేసుకుని, ఆ పీడనంతోనే పైకి వచ్చే ప్రత్యేక గొట్టాలు వాడాలి. ఒక చోట సుమారు 130 మీటర్ల మందాన, బంకమట్టి చీలికల్లో నిండిన హైడ్రేటు దొరికింది.

ప్ర: సముద్రమే లేని హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఉంది. ఆర్గో తెప్పలు వచ్చాక ఓడలతో పనేముంది? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: ఆ కేంద్రం, ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), 1999 నుంచి చేసేది సమాచారాన్ని పోగుచేసి, సరిచూసి, హెచ్చరికలుగా పంపే పని. దానికి తీరం అక్కర్లేదు. ఆర్గో తెప్ప వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, కొలుస్తూ పైకి వచ్చి ఉపగ్రహానికి చెబుతుంది. కానీ దాన్ని విడిచేది ఎక్కువగా ఓడే. విడిచాక దాని సెన్సర్‌ను మళ్ళీ సరిచూసేవారు ఉండరు. నాలుగేళ్ళకు ఉప్పదనం కొలత జారితే, జారిందని చెప్పడానికి ఓడ మీద తీసిన సీసా నీరే సాక్ష్యం. విడిచేటప్పుడు జరిగే తప్పు కూడా చెబుతాం: సెన్సర్ రంధ్రాలకు పెట్టిన రక్షణ బిరడాలు తీయడం మర్చిపోతారు. ఓడను ఒకటి రెండు నాట్లకు తగ్గించి, అమరం వైపు నుంచి తాడుతో మెల్లగా దించేముందు ఆ బిరడాలు చేతిలో పెట్టుకుని లెక్కపెట్టాలి.

ప్ర: ఎమ్మెస్సీ చేస్తున్నాను, మొదటిసారి ఓడ మీద పనికి వెళుతున్నాను. ల్యాబుకు ఏం సిద్ధం చేసుకోవాలి? - విద్యార్థి, శ్రీకాకుళం

జ: ఓడ ఊగుతుంటే త్రాసు నిలవదు. కాబట్టి రసాయనాలన్నీ ఒడ్డునే తూచి, ఒక్కో ద్రావణానికి సరిపడా పొట్లాలుగా కట్టి, బరువు, తేదీ రాసుకుని తీసుకెళ్ళండి. ద్రవాలకు ఒకటి పగిలినా రెండోది ఉండేలా లెక్క వేసుకోండి, నడిసముద్రంలో దుకాణం ఉండదు.

బల్ల మీద పెట్టే ప్రతి వస్తువునూ కట్టాలి. ల్యాబు బల్లలకు చెక్క పై పలక ఉండేది మేకులు, కొక్కేలు దిగ్గొట్టుకోవడానికే, మొహమాటపడకండి. తాళ్ళు, సాగే పట్టీలు, జారకుండా పరిచే రబ్బరు షీటు మీరే తెచ్చుకోండి. రేవులో ఉండగానే కట్టేయాలి. బయట కెరటం తగిలాక కడదామనుకుంటే అప్పటికి మీకు ఒంట్లో బాగుండదు. వాంతుల మాత్ర గురించి డాక్టరును ముందే అడిగి, ఓడ కదలడానికి గంట ముందు వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు.

లేబుళ్ళు నీటికి చెరగని పెన్నుతో, సీసా ఒంటి మీద రాయండి, మూత మీద వద్దు. మూతలు తారుమారవుతాయి. స్టేషన్ నంబరు, నిస్కిన్ సీసా నంబరు, మీ సీసా నంబరు మూడూ కాగితం లాగుపుస్తకంలో పెన్సిలుతో రాసి, ఆ పేజీని ఆ రోజే ఫోటో తీసుకోండి. లోతు ఒక్కటే రాస్తే చాలదు. 500 మీటర్లని మీరు రాసుకున్న సీసాను నిజంగా 480 దగ్గర మూసి ఉండవచ్చు, ఆ సంగతి సీసా నంబరు ఉంటేనే సీటీడీ ఫైలులో దొరుకుతుంది. ఇక డెక్కు మీదికి ఇనుప ముక్కు బూట్లు, హెల్మెట్, లైఫ్ జాకెట్ లేకుండా అడుగు పెట్టకండి. తీగ బిగిసి ఉన్నప్పుడు దాని వరసలోనూ, కప్పీ లోపలి వంపులోనూ నిలబడకండి.